బోరు నీళ్ళలోని యురేనియం పాలలోకి వస్తుందా?



మొన్న ఎండాకాలంలో శంషాబాద్ మండలంలోని ఒక పాల సంఘం వార్షిక సర్వసభ్య సమావేశానికి వెళ్ళాను. జమాఖర్చులు చదవడం అయింది, బోనసు పంపకం తీర్మానం అయింది. అందరూ లేవబోతుండగా వెనక వరసలో కూర్చున్న ఒక సభ్యురాలు అడిగింది: "సారూ, మన బోర్లల్ల యురేనియం ఉన్నదని పేపర్ల రాసిండ్రు. గా నీళ్ళే మేం తాగుతున్నం, గవ్వే బర్రెకు పెడుతున్నం. మరి పాలల్ల రాదా? మనుమనికి ఆ పాలే పోస్తున్న."

అందరూ నా వైపు చూశారు. తెలియదని చెప్పడానికి నామోషీ అయింది. "నీళ్ళు బాగా కాచి తాగండమ్మా, ఏమీ కాదు" అని చెప్పి, రిజిస్టరు మీద సంతకం పెట్టి వచ్చేశాను.

దారి పొడుగునా ఆ జవాబు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. నా చదువు సహకార డిప్లొమా. వెన్న శాతం, ఎస్సెన్నెఫ్, వాటాధనం, ఆడిట్ వర్గీకరణ, ఇవి నాకు తెలుసు. అణుశాస్త్రం తెలియదు. తర్వాత పుస్తకాలు తిరగేసి, తెలిసినవారిని అడిగి చూస్తే నేను చెప్పింది పూర్తిగా తప్పని తేలింది. నీళ్ళు కాచితే క్రిములు చస్తాయి గాని యురేనియం పోదు. కాచేటప్పుడు ఆవిరైపోయేది నీరే. యురేనియం అడుగున ఉన్న నీళ్ళలోనే మిగిలి ఇంకాస్త చిక్కబడుతుంది. గిన్నెకు తెల్లగా సున్నపు పొర కట్టినంత మాత్రాన అది పోయిందనుకోకూడదు.

తప్పు నలుగురిలో చెప్పాను గనుక దిద్దుబాటు కూడా నలుగురిలోనే చేయాలి. ఆ అమ్మకు చెప్పవలసిన జవాబునే ఇక్కడ పాఠంగా రాస్తున్నాను.

రాతిలో ఏముంది?

శంషాబాద్ చుట్టుపక్కల ఎటు చూసినా గుండ్లే. ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే ఆ బండరాళ్ళు 2008 మార్చిలో విమానాశ్రయం తెరిచాక కొన్ని పోయినా, మహేశ్వరం వైపు, కొత్తూరు వైపు, హిమాయత్ సాగర్ గట్టు దాకా ఇంకా కనబడుతూనే ఉన్నాయి. ఇదంతా గ్రానైటు. దీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క. భూమి లోపల కరిగి ఉన్న పదార్థం చల్లారి గట్టిపడేటప్పుడు, మామూలు ఖనిజాలలో ఇమడని పెద్ద మూలకాలు చివరిదాకా మిగిలిపోయి గ్రానైటులో చేరాయి. అలా చేరినవే యురేనియం, థోరియం. మామూలు గ్రానైటులో టన్నుకు 3 నుంచి 5 గ్రాముల యురేనియం, దానికి మూడు నాలుగు రెట్లు థోరియం ఉంటాయి. పొటాషియం కూడా దండిగా ఉంటుంది. దానిలోనూ ఒక చిన్న భాగం రేడియోధార్మికమే.

రేడియోధార్మికం అంటే ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. కొన్ని అణువుల కేంద్రకం నిలకడగా ఉండదు. ఎప్పుడో ఒకప్పుడు అది కొంత శక్తిని, కొన్ని కణాలను బయటికి విసిరి మరో మూలకంగా మారుతుంది. సెకనుకు ఒక కేంద్రకం ఇలా మారితే దాన్ని ఒక బెక్వెరెల్ అంటారు. ఉన్న మొత్తంలో సగం మారిపోవడానికి పట్టే కాలం అర్ధాయుష్షు. యురేనియం-238 అర్ధాయుష్షు 447 కోట్ల సంవత్సరాలు. ఆస్పత్రుల్లో వాడే అయొడిన్-131 అర్ధాయుష్షు 8 రోజులు. ఒకటి బద్ధకస్తుడు, ఒకటి తొందరపాటువాడు. బద్ధకస్తుడి నుంచి వచ్చే కిరణాలు తక్కువే గాని, వాడు ఎప్పటికీ ఇల్లు ఖాళీ చేయడు.

రాతిలో యురేనియం విడిగా ఉండదు. జిర్కాన్, మోనజైట్, ఎపటైట్ వంటి చిన్న చిన్న ఖనిజపు గింజలలో ఇరుక్కుని ఉంటుంది. కొంత మాత్రం గింజల అంచులకూ పగుళ్ళకూ పట్టుకుని ఉంటుంది. ఇరుక్కున్నది కదలదు. పట్టుకుని ఉన్నదే మన బోర్లలోకి దిగేది.

నీరు దాన్ని ఎలా కదిలిస్తుంది?

ఇక్కడే పాఠంలో అసలు సంగతి ఉంది. యురేనియానికి ముఖ్యంగా రెండు రూపాలు. ప్రాణవాయువు అందని చోట అది నీటిలో కరగదు, రాయిలాగే పడి ఉంటుంది. ప్రాణవాయువు అందితే రెండో రూపానికి మారి కరుగుతుంది. కరిగిన దానికి నీటిలో బైకార్బొనేటు తోడైతే రెండూ జతకట్టి దూరప్రయాణం చేస్తాయి.

ఆ బైకార్బొనేటు ఎక్కడి నుంచి వస్తుంది? మన చేల నుంచే. వేళ్ళు ఊపిరి పీల్చి వదిలినప్పుడు, ఆకు అలము, పేడ, పెంట మట్టిలో మురిగినప్పుడు బొగ్గుపులుసు గాలి పుడుతుంది. వాన నీరు దాన్ని కలుపుకుని కిందికి దిగుతూ రాతిలోని సున్నాన్ని కరిగిస్తుంది. అందుకే మన బోరు నీళ్ళు చవ్వగా, గట్టిగా ఉంటాయి. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. ఆ గట్టిదనాన్ని కలిగించే బైకార్బొనేటే యురేనియానికి వాహనం.

కాని సేంద్రియ పదార్థం పని అంతటితో తీరదు. కుళ్ళిన పదార్థం బాగా చేరిన మట్టిలో సూక్ష్మజీవులు ప్రాణవాయువునంతా తినేస్తాయి. అక్కడికి వచ్చిన యురేనియం మళ్ళీ కరగని రూపానికి మారి ఆగిపోతుంది. హ్యూమస్ అనే నల్లని జిగురు పదార్థం కూడా దాన్ని పట్టి ఉంచుతుంది. ఎర్రమట్టికి రంగునిచ్చే ఇనుప తుప్పు కూడా అంతే. ఒక చోట బయలుదేరదీసే సేంద్రియ పదార్థమే మరో చోట ఆపేస్తుందన్న మాట. నేను మొదట ఇది చదివి ఒప్పుకోలేదు. రెండుసార్లు చదివాక ఒప్పుకున్నాను.

మన నేల మీద ఇది పెద్ద ఎత్తున జరిగిన చోట్లు కూడా ఉన్నాయి. నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు దగ్గర పాత గ్రానైటు మీద తర్వాతి కాలపు రాతిపొరలు పరుచుకున్న హద్దు ఉంది. ఆ హద్దు వెంట యురేనియం పోగుపడిందని హైదరాబాద్ బేగంపేటలో ప్రధాన కార్యాలయం ఉన్న అణు ఖనిజాల సంచాలనాలయం వారు కనుక్కున్నారు. నాగార్జునసాగర్ జలాశయం పక్కనే కావడంతో అక్కడ గని వద్దని ప్రజలు గట్టిగా నిలబడ్డారు. మన దారినే శ్రీశైలం రోడ్డు మీద ముందుకు పోతే వచ్చే అమ్రాబాద్ అడవుల్లో అన్వేషణ సంగతి బయటికి వచ్చినప్పుడు, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. కడప జిల్లా తుమ్మలపల్లెలో మాత్రం గని, శుద్ధి కర్మాగారం పనిచేస్తున్నాయి. అక్కడ యురేనియం ఉన్నది గ్రానైటులో కాదు, సున్నపు జాతి రాతిలో. అందుకే అక్కడ ఆమ్లంతో కాక క్షారంతో కరిగించి తీస్తారు. ఆ క్షారం చేసే పని, మన బోరులో బైకార్బొనేటు తనంత తాను నిదానంగా చేసే పని, జాతికి ఒకటే.

మన శంషాబాద్ దగ్గర గని లేదు. ఉన్నది మామూలు గ్రానైటే. అయితే 40 ఏళ్ళ క్రితం మోట బావిలో దొరికిన నీరు ఇప్పుడు వందల అడుగుల లోతుకు పోయింది. పై నీరు వానకు వచ్చి పోతుంటుంది. లోతు నీరు సన్నని పగుళ్ళలో ఏళ్ళ తరబడి రాతిని అంటుకుని ఉంటుంది. ఎంత సేపు నానితే అంత దిగుతుంది, చింతపండు లాగే. అందుకే ఒకే ఊళ్ళో ఒక బోరులో తక్కువ, పక్క చేనులో ఎక్కువ ఉండవచ్చు. పొరుగువారి ఫలితం చూసి మన బోరు బాగుందనుకోవడానికి వీలులేదు.

కేంద్ర భూగర్భ జల మండలి 2020లో దేశమంతటి బావుల, బోర్ల నీటిలో యురేనియం ఎంతుందో ప్రచురించింది. తెలంగాణలో తీసిన నమూనాలలో ఇంచుమించు పదింట ఒకటి లీటరుకు 30 మైక్రోగ్రాముల హద్దు దాటింది. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షల వంతు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే హద్దు 30. మన భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన హద్దూ అదే. అణుశక్తి నియంత్రణ మండలి వారి లెక్క మాత్రం 60.

భయపడవలసింది దేనికి?

యురేనియం అనగానే అందరికీ బాంబు గుర్తుకొస్తుంది. కొద్దిగా లెక్క వేసి చూద్దాం. లీటరులో 30 మైక్రోగ్రాముల యురేనియం ఉంటే దాని రేడియోధార్మికత ఒక బెక్వెరెల్ కూడా కాదు, ముప్పాతిక బెక్వెరెల్. మనం రోజూ పోసే పాలలో లీటరుకు దాదాపు గ్రామున్నర పొటాషియం ఉంటుంది. ప్రకృతిలోని పొటాషియంలో ప్రతి గ్రాముకు 31 బెక్వెరెళ్ళ ధార్మికత ఉంటుంది. అంటే లీటరు పాలలో సృష్టి మొదటి నుంచీ సుమారు 45 బెక్వెరెళ్ళు ఉన్నాయి. తల్లిపాలలోనూ, అరటిపండులోనూ, మన కండల్లోనూ పొటాషియం ఉన్నంత మేరకు అది ఉంది. శరీరం తనకు కావలసినంత పొటాషియమే ఉంచుకుని మిగతాది పంపేస్తుంది గనుక అది పెరగదు, తరగదు.

కాబట్టి నీళ్ళలోని యురేనియం వల్ల ముఖ్యమైన చెరుపు కిరణాలతో కాదు. అది సీసం లాగా, పాదరసం లాగా ఒక బరువైన లోహం. మూత్రపిండాల మీద పనిచేస్తుంది. కొంత ఎముకలో చేరుతుంది. ఏళ్ళ తరబడి తాగేవారికీ, ఒళ్ళు చిన్నదైన పసిపిల్లలకూ జాగ్రత్త ఎక్కువ అవసరం. కిరణాలు చూపించి భయపెట్టేవారినీ, కిరణాలు లేవుగనుక ఏమీ లేదని కొట్టిపారేసేవారినీ ఇద్దరినీ నమ్మవద్దు.

పాలలోకి ఎంత వస్తుంది?

ఇక అమ్మ అడిగిన ప్రశ్న. పశువు రోజుకు 60 లీటర్ల నీళ్ళు తాగుతుందనుకుందాం. హద్దు మీదున్న బోరైతే 60ని 30తో హెచ్చిస్తే 1800 మైక్రోగ్రాములు, అంటే రెండు మిల్లీగ్రాములకు కొంచెం తక్కువ లోపలికి పోతుంది. పేగు దీన్ని పెద్దగా పీల్చుకోదు. చాలా భాగం పేడలోనే పోతుంది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఆవుల మీద జరిగిన పరిశోధనలను కూర్చి వేసిన పట్టికలో, రోజూ లోపలికి పోయే యురేనియంలో సగటున లీటరు పాలలోకి వచ్చేది 0.18 శాతం. 1800లో అది మూడు మైక్రోగ్రాముల చిల్లర.

మనుమడు అర లీటరు పాలు తాగితే ఒకటిన్నర మైక్రోగ్రాములు. అదే బోరు నుంచి లీటరు నీళ్ళు తాగితే 30. బోరులో 100 ఉన్నా పాలలో 11 దాటదు. పాలు పోయడం ఆపి, కడవలో నీళ్ళు మాత్రం యథాప్రకారం తాగించే ఇల్లు లెక్క తలకిందులుగా వేసుకున్నట్టే. బర్రె తన ఒంట్లో వడపోసి ఇస్తున్నది. వడపోత లేనిది పిల్లవాడి గ్లాసుకు.

ఇది నాకు అర్థమైన రోజు రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. "కాచి తాగండమ్మా" అని చెప్పి వచ్చిన మాట ఆ ఇంట్లో ఇంకా నడుస్తూ ఉంటుంది గదా అని.

పాలకు నిజంగా ప్రమాదమైనవి వేరే ఉన్నాయి

యురేనియానికి పాలతో చుట్టరికం తక్కువని తేలింది. కాని అణు ప్రమాదం జరిగినప్పుడు గాలిలోకి వచ్చే మరో మూడు మూలకాలకు పాలే దగ్గరి దారి. పాల ఉత్పత్తిదారులం గనుక వీటి సంగతి తెలిసి ఉండడం మంచిది.

మన సంఘాలలో ఒక రోగం ఉంది. పశువు లేని మనిషి మరొకరి పేరు మీద పాలు పోసి సభ్యుడై, ఓటు వేసి, బోనసు తీసుకుంటాడు. బినామీ సభ్యుడు. తనిఖీలో పట్టుకోవడం కష్టం, ఎందుకంటే పాసుపుస్తకం సరిగానే ఉంటుంది. ఈ మూలకాలూ అలాంటి బినామీలే. స్ట్రాన్షియం-90 కాల్షియం పేరు మీద వస్తుంది. సీజియం-137 పొటాషియం పేరు మీద వస్తుంది. అయొడిన్-131 సొంత పేరుతోనే వస్తుంది గాని, మంచి అయొడిన్‌కూ దానికీ శరీరం తేడా పట్టలేదు.

ముగ్గురిలో తొందరపాటువాడు అయొడిన్. మేత మీద పడిన అయొడిన్ కొద్ది గంటలలోనే పాలలో కనబడుతుంది. పిల్లలు ఆ పాలు తాగితే మెడలోని థైరాయిడ్ గ్రంథిలో చేరుతుంది. 1957 అక్టోబరులో ఇంగ్లండులోని విండ్‌స్కేల్ అణు కేంద్రంలో మంటలు లేచినప్పుడు సుమారు 500 చదరపు కిలోమీటర్ల మేర పల్లెల పాలను కొన్ని వారాల పాటు పారబోయించారు. రైతుకు నష్టమే, కాని పిల్లల మెడలు దక్కాయి. 1986 ఏప్రిల్ 26న సోవియట్ దేశంలోని చెర్నోబిల్‌లో రియాక్టరు పేలినప్పుడు చాలా పల్లెల్లో పాలు సకాలంలో ఆపలేదు. ఆ ప్రాంతాల్లో అప్పటి పిల్లల్లో 2005 నాటికి 6000 పైచిలుకు థైరాయిడ్ క్యాన్సర్లు లెక్కకు వచ్చాయి. వాటిలో చాలా వాటికి ఆ పాలే కారణమని ఐక్యరాజ్యసమితి సంఘం తేల్చింది. అయొడిన్ అర్ధాయుష్షు 8 రోజులే. ఆ పాలను పొడి చేసి రెండు మూడు నెలలు గిడ్డంగిలో ఉంచితే అయొడిన్ దాదాపు మాయమైపోయేది. 2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమా ప్రమాదం తర్వాత ఆ జిల్లా పాలను కొద్ది రోజుల్లోనే ఆపివేశారు.

ఈ అయొడిన్-131 మన శంషాబాద్‌కు కొత్తది కాదు. థైరాయిడ్ రోగులకు మందుగా దీన్ని ఆస్పత్రులు తెప్పిస్తాయి. రోజులు గడిస్తే పనికిరాకుండా పోయే మందు గనుక ఇటువంటివి విమానం మీద వస్తుంటాయి. సీసపు డబ్బాలో, దానిపై మరో పెట్టెలో, పసుపుపచ్చ మీద నల్లని మూడు రెక్కల గుర్తుతో వస్తాయి. సరుకుల విభాగంలో పనిచేసే కుర్రాళ్ళు మన సభ్యుల ఇళ్ళలోనూ ఉన్నారు. ఆ గుర్తున్న పెట్టె చిరిగినా, తడిసినా ముట్టుకోకుండా దూరం జరిగి పైవారికి చెప్పాలని ఇంట్లో ఒక మాట అనుకోండి. పెట్టె సరిగా ఉన్నంత వరకు దాని పక్కన ఉన్న పచ్చగడ్డికి గాని, మన పాలవ్యానుకు గాని ఏ ముప్పూ లేదు.

మట్టిని బట్టి పాలు

సీజియం కథ వేరు. దీని అర్ధాయుష్షు 30 ఏళ్ళు. ఇది మట్టిలో పడినాక ఏమవుతుందన్నది మట్టిలోని ఖనిజాన్ని బట్టి ఉంటుంది. అభ్రకం రేకులు రేకులుగా ఊడిరావడం మనందరం చూశాం. బంకమట్టిలో కొన్ని రకాలు ఆ అభ్రకం జాతివే. రేకుల అంచులు అరిగి నోరు తెరుచుకుని ఉంటాయి. ఆ సందులోకి సీజియం దూరితే రేకులు మూసుకుంటాయి. ఇక గడ్డి వేరు పీకినా రాదు.

హ్యూమస్‌కు ఆ పట్టు లేదు. యురేనియాన్ని గట్టిగా పట్టుకునే సేంద్రియ పదార్థం సీజియాన్ని వదులుగా పట్టుకుని, గడ్డి అడగ్గానే ఇచ్చేస్తుంది. చెర్నోబిల్ మేఘం బ్రిటన్ మీదుగా పోతూ వానలో కురిసింది. వేల్స్, కంబ్రియా కొండల మీద నేలంతా కుళ్ళిన నాచుతో నిండిన తడి నేల, బంక తక్కువ. అక్కడ గడ్డి సీజియాన్ని తీసుకుంటూనే ఉంది, గొర్రెలు మేస్తూనే ఉన్నాయి. 1986లో ఆ గొర్రెల అమ్మకం మీద పెట్టిన ఆంక్షలు పూర్తిగా ఎత్తివేసింది 2012లో. ఒక్క రోజు కురిసిన వానకు 26 ఏళ్ళ కట్టుబాటు. కింద బంకమట్టి పొలాల్లో అంత కాలం పట్టలేదు.

పశువుకు మేతతో బంకమట్టి పెడితే కడుపులోనే సీజియాన్ని పట్టుకోదా అన్న ఆలోచన కూడా వచ్చింది, ఫలించింది. బెంటొనైటు అనే మట్టిని దాణాలో కలిపారు. దానికన్నా బాగా పనిచేసింది ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు. రోజుకు కొద్ది గ్రాములు పెడితే చాలు, సీజియం చాలా వరకు పాలలోకి రాకుండా పేడలో పోతుంది. నార్వేలో గొర్రెలకూ, మేకలకూ, ఆవులకూ దీన్ని వాడారు. ఇనుము, నత్రజని, బొగ్గు కలిసిన ఈ పదార్థపు జాలిలో సీజియం సరిగ్గా పట్టే గూళ్ళు ఉన్నాయి.

స్ట్రాన్షియంకు అంత సులువైన మందు లేదు. కాని ఆవే కొంత కాపలా కాస్తుంది. మేతలో కాల్షియానికీ స్ట్రాన్షియానికీ ఉన్న నిష్పత్తితో పోలిస్తే పాలలో స్ట్రాన్షియం వాటా దాదాపు పదో వంతే. మేతలో కాల్షియం లోటు లేకుండా చూస్తే అది ఇంకా తగ్గుతుంది. అసలు సభ్యులందరూ హాజరైన సమావేశంలో బినామీకి కుర్చీ దొరకదు గదా.

ఒక వెన్న వ్యాజ్యం

పాతవారికి గుర్తుండే ఉంటుంది. ఆపరేషన్ ఫ్లడ్ కాలంలో యూరపు దేశాల నుంచి వెన్న, పాలపొడి సహాయంగా వచ్చేవి. చెర్నోబిల్ తర్వాత వచ్చిన ఐర్లండు వెన్నలో ధార్మికత ఉందని బొంబాయిలో కొందరు న్యాయస్థానానికి వెళ్ళారు. విషయం సుప్రీంకోర్టు దాకా పోయింది. కోర్టు నిపుణుల సంఘాన్ని వేసింది. వారు పరీక్షించి వాడకానికి ఇబ్బంది లేదన్నారు. 1988లో తీర్పు వచ్చింది.

ఆ వ్యాజ్యంలో ఎవరు ఒప్పు అన్నది నేను చెప్పబోవడం లేదు. ప్రశ్న అడిగిన పౌరులు తప్పు చేయలేదనే నా అభిప్రాయం. అయితే మన వృత్తికి పనికొచ్చే పాఠం ఒకటి అందులో ఉంది. సీజియం, స్ట్రాన్షియం కొవ్వులో కరగవు. పాలను చిలికితే అవి మజ్జిగలోకి పోతాయి, వెన్నలో మిగిలేది కొద్ది. వెన్న కాచి నెయ్యి చేస్తే అదీ ఉండదు. పాలు విరిచినప్పుడు సీజియం విరుగుడు నీళ్ళలోకి పోతుంది. స్ట్రాన్షియం మాత్రం కాల్షియం వెంట ఉంటుంది గనుక, పులుపుతో విరిచినప్పుడు ఎక్కువ భాగం నీళ్ళలోకి దిగుతుంది, రెన్నెట్ వేసి గడ్డకట్టిస్తే ఎక్కువ భాగం గడ్డలోనే నిలుస్తుంది. అప్పట్లో యూరపు వారు పాలకు, పసిపిల్లల ఆహారానికి పెట్టిన హద్దు కిలోకు 370 బెక్వెరెళ్ళు.

మినరల్ మిక్చరు మానవచ్చా?

ఆ సమావేశంలోనే మరొకరు అడిగిన మాట ఇది. మినరల్ మిక్చరులోని డైకాల్షియం ఫాస్ఫేటు రాక్ ఫాస్ఫేటు నుంచి వస్తుంది. రాక్ ఫాస్ఫేటులో యురేనియం ఉండడం నిజమే. కాల్షియం ఉండవలసిన చోట యురేనియం దూరడం ఆ ఖనిజపు గుణం. కాని పశువుకు పెట్టే గ్రాముల పొడిలో అది మహా అయితే మిల్లీగ్రాముల లెక్క, దానిలోనూ చాలా భాగం పేడలోనే పోతుంది. దానికి భయపడి పొడి మానేస్తే పశువు ఎదకు రాదు, ఈత ఎడం పెరుగుతుంది, కాల్షియం లోటు పడి ఇందాక చెప్పిన బినామీలకు చోటు దొరుకుతుంది. మానవద్దు. ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనండి. అందులో చూడవలసింది యురేనియం కన్నా ఫ్లోరిన్ ఎంత ఉందన్నది.

ఇప్పుడు చేయవలసింది

మనుషులు తాగడానికి బోరు కన్నా మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వాడండి. అవి నదుల నుంచి, జలాశయాల నుంచి తెచ్చి శుద్ధి చేసినవి, లోతు గ్రానైటులో నానినవి కావు. రుచి లేదని కొందరు వాటిని పశువులకు పోసి, తాము బోరు నీళ్ళు తాగుతున్నారు. ఇది సరిగ్గా తిరగేసి చేయవలసిన పని. బోరు తప్ప దిక్కులేని ఇంట్లో ఆర్వో యంత్రం యురేనియాన్ని చాలావరకు తీసేస్తుంది. అయితే ఆర్వో వదిలే నీళ్ళలో తీసేసినదంతా చిక్కగా ఉంటుంది. ఊళ్ళలో ఆర్వో కేంద్రాల నుంచి ఆ నీళ్ళను గొట్టం వేసి పశువుల తొట్టిలోకి వదలడం నేను కళ్ళారా చూశాను. పాలకు దీని వల్ల పెద్ద ముప్పు రాకపోయినా, ఉప్పు, ఫ్లోరైడు కూడా చిక్కబడిన ఆ నీరు పశువు పళ్ళకూ ఎముకలకూ మంచిది కాదు.

బోరు నీరు పరీక్ష చేయించాలనుకుంటే ముందు ప్రయోగశాల వారిని యురేనియం చూస్తారా అని అడగండి. గట్టిదనం, ఫ్లోరైడు చూసే ప్రతి చోటా యురేనియం చూడరు. మోటారు పది నిమిషాలు నడిచాక, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను ఆ నీటితోనే మూడుసార్లు కడిగి, మూతి దాకా నింపి బిగించండి. సీసా మీద బోరు ఎవరిదో, ఎన్ని అడుగులో, ఏ తేదీన పట్టారో రాయండి. వానలకు ముందొకసారి, వానలు వెలిసాక ఒకసారి చూపిస్తే నిజం తెలుస్తుంది. ఒక్కొక్కరు విడిగా పోయే కన్నా సంఘం తరఫున ఊరిలోని ఐదారు బోర్ల నీళ్ళు ఒకేసారి పంపితే ఖర్చు కలిసివస్తుంది. పాలకవర్గం తీర్మానం రాసుకుంటే ఆడిట్‌లో నేను ఆక్షేపణ పెట్టను.

ఆ ఊరికి పోయిన నెల మళ్ళీ వెళ్ళాను. ఆ అమ్మను కేంద్రం దగ్గరే కలిసి, "ఆ రోజు నేను తప్పు చెప్పానమ్మా" అని చెప్పి, ఈ రాసినదంతా నోటితో చెప్పాను. ఆమె పాల క్యాను కింద పెట్టి అంతా విని, "గట్లయితె నీళ్ళు మారుస్త, పాలు ఎప్పటి లెక్కనే పోస్త" అంది. సంఘం వారు ఆరు బోర్ల నీళ్ళు పట్టి పంపారు. ఫలితాలు ఇంకా రాలేదు. వచ్చాక ఎంత ఉన్నా సరే దాచకుండా, ఆ కాగితాన్ని పాల ధరల పట్టిక పక్కనే గోడకు అంటించమని కార్యదర్శికి చెప్పాను.